కొరీన్ తలుపుకి నీలం రిబ్బను

ఆ రోజు పొద్దున కొరీన్ టాకెట్ పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, వీధి తలుపుకి రిబ్బను కట్టడం. రెండోది, పై వాటాలో ఉండే, ఊరంతా మర్యాదగా 'దొన్నా' అని పిలిచే ఇంటావిడ అగతీనా దగ్గరికి వెళ్లి, ఇల్లు ఇంకో రెండేళ్లు మాకే ఉంచుతారా అని అడగడం. మొదటిది చిటికెలో అయిపోతుందనీ, రెండోదానికే గుండె చిక్కబట్టుకోవాలనీ అనుకుంది. సరిగ్గా తలకిందులుగా అనుకుందని అప్పటికి ఆమెకి తెలియదు.

భర్త డ్వైట్ అమెరికా నేవీలో హెలికాప్టర్ల మెకానిక్. పెళ్లయిన దగ్గర్నుంచీ నేవీ ఎటు విసిరితే అటు సామాను సర్దుకుని పోవడమే కొరీన్ కాపురం. ఈసారి సిసిలీలో వచ్చి పడ్డారు. నేవీ బేస్ కంచె లోపల ఇళ్లన్నీ ఒకే రంగు, ఒకే ఎత్తు. డ్వైట్ ఒకసారి పరధ్యానంగా పక్కింట్లోకి వెళ్లి, కూర్చుని, బూట్లు కూడా విప్పుకున్నాడు. అందుకే కొరీన్ పట్టుబట్టి కంచె బయట, రోక్కమేలా అనే ఊళ్లో, నల్లరాళ్లు పరిచిన వీధిలో ఈ కింది వాటా తీసుకుంది. పెరట్లో రెండు నిమ్మచెట్లు, వంటింటి కిటికీలోంచి చూస్తే పొగ కక్కుతూ కొండ. వచ్చిన నెలలోనే అట్టపెట్టెలన్నీ విప్పి, చదును చేసి, పారేసింది. నేవీ భార్య అట్టపెట్టెలు పారేసిందంటే ఆ ఇంటి మీద ఎంత మనసు పడిందో అర్థం చేసుకోవాలి.

ఇంటావిడకి మాత్రం వీళ్ల మీద మనసు పడలేదు. దానికి కారణం మూడు పళ్లేలు. మొదట్లో అగతీనా కూరిన వంకాయల వంటకం ఒక పళ్లెంలో పెట్టుకుని కిందికి దిగింది. ఎవరినీ శ్రమ పెట్టకూడదని పెరిగిన పిల్ల కొరీన్. "వద్దండీ, మీకెందుకు శ్రమ, ఇప్పుడే తిన్నాను," అని నవ్వుతూ తలుపు వేసేసింది. ఆ వీధిలో పళ్లెం వస్తే రెండుసార్లు వద్దనాలి, మూడోసారి అందుకోవాలి, ఖాళీ అయ్యాక అందులో మరేదైనా పెట్టి తిరిగి పంపాలి. కొరీన్ మొదటి 'వద్దు' దగ్గరే ఆగిపోయింది. అలా మూడు పళ్లేలు నిండుగా మెట్లెక్కి వెనక్కి వెళ్లాక, ఇక ఏ పళ్లెమూ కిందికి రాలేదు. పోయిన నెల డ్వైట్ ఇంటి సంగతి కదిపితే అగతీనా గడ్డం పైకెత్తి, నాలుకతో 'ట్స్' అంది. సిసిలీలో అంతకంటే వివరంగా కాదని ఎవరూ చెప్పరు. క్రిస్మస్‌కి గడువు అయిపోతుంది. ఆ తర్వాత మళ్లీ కంచె లోపలికే.

పులి మీద పుట్రలా డ్వైట్ దళాన్ని రెండు నెలల పనికి సముద్రం మీదికి పంపారు. మగవాడు ఓడెక్కితే, తిరిగొచ్చేదాకా తలుపుకి పసుపు రిబ్బను కట్టి ఉంచడం నేవీ ఇళ్లలో ఆచారం. వచ్చినవాడే తన చేతులతో దాన్ని విప్పాలి. కానీ దళమంతా ఒక్కసారే వెళ్లడంతో బేస్ దుకాణంలో పసుపు రిబ్బను ఆఖరి మూర దాకా అమ్ముడైపోయింది. కొరీన్ డ్వైట్ వదులు కోటు తగిలించుకుని ఊళ్లోని వెనేరా కొట్టుకి నడిచింది. సూదులు, దారాలు, లేసులు అమ్మే కొట్టు అది. అద్దం వెనక పెద్ద పువ్వులా కుట్టిన పట్టు రిబ్బను వేలాడుతోంది. లేత నీలం, అంచుకి తెల్ల లేసు. నీలం ఎలాగూ నేవీ రంగే కదా అనుకుంది.

రోక్కమేలాలో ఆ నీలం పువ్వు తలుపుకి కట్టారంటే ఆ ఇంట్లో మగబిడ్డ పుట్టాడని అర్థం. గులాబీ రంగుదైతే ఆడపిల్ల. ఈ సంగతి ఆ ఊరి పిల్లులకి కూడా తెలుసు. కొరీన్ వచ్చిన ఈ ఆర్నెల్లలో ఆ వీధిలో ఎవరికీ పిల్లలు పుట్టలేదు, అందుకని ఆమెకి తెలిసే దారి లేకపోయింది.

"మగవాడేనా?" అంది వెనేరా కళ్లజోడు పైకి నెట్టుకుంటూ.

రిబ్బను ఎవరికోసమని అడుగుతోందనుకుంది కొరీన్. "మగవాడే," అంది గర్వంగా.

"ఒంట్లో బాగున్నాడా?"

"గుర్రంలా ఉన్నాడండీ."

"మరి నువ్వేంటమ్మా, ఇలా వీధుల్లో తిరుగుతున్నావు?"

"తిరక్కపోతే పనులెవరు చేస్తారు?"

వెనేరా ఆ వదులు కోటు వంక ఒకసారి చూసి గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. అమెరికా ఆడవాళ్లు ఉక్కుతో చేసిన మనుషులని ఎవరో అంటే ఇన్నాళ్లూ నమ్మలేదు ఆవిడ. కొరీన్ మలుపు తిరిగిందో లేదో, కొట్టుకి తాళం వేసి తానూ బయల్దేరింది. అలాంటి వార్తని ఒక్కతే మోయడం ఆవిడ వల్ల కాలేదు.

కొరీన్ రిబ్బను కట్టి, వెనక్కి జరిగి చూసుకుని, ముచ్చటపడి, లోపలికి వచ్చింది. మెట్లెక్కి అగతీనాని అడగడానికి ధైర్యం కూడగట్టుకుంటూ వంటింట్లో కూర్చుంటే, ఎదుటి కిటికీ ముందు తాడుతో ఒక బుట్ట దిగింది. బాల్కనీలోంచి బుట్ట వదిలి రొట్టె, కూరగాయలు పైకి లాక్కోవడం ఆ వీధిలో మామూలే. ఇది మాత్రం పైనుంచే నిండుగా దిగింది. లోపల మూతపెట్టిన గిన్నె, గిన్నెలో కోడి చారు, దానిమీంచి ఆవిరి.

వద్దనడానికి ఎదురుగా మనిషి లేదు. బుట్టకి వద్దని ఎలా చెప్పాలో కొరీన్‌కి ఎవరూ నేర్పలేదు. డ్వైట్ వెళ్లినప్పటినుంచీ బిస్కట్లతో కాలక్షేపం చేస్తున్న మనిషి, గిన్నె ముందు కూర్చుని ఆఖరి చుక్క దాకా తాగేసింది. తాగుతూ ఏడ్చింది కూడా. తర్వాత గిన్నె కడిగి, డ్వైట్ కోసం చేయగా మిగిలిన చాక్లెట్ కేకు ముక్కలు అందులో పెట్టి, తాడు లాగింది. బుట్ట పైకి వెళ్లింది. ఆ తర్వాత అగతీనా గొంతు వినిపించింది.

"పోయి పడుకో పిల్లా! కాళ్లకి చలి తగలనివ్వకు!"

మొగుడు సముద్రం మీదికి పోతే ఊరు ఊరంతా ఇంత ఆదరించే చోటు భూమ్మీద ఇంకోటి ఉండదని కొరీన్ అనుకుంది. సాయంత్రం ఇంకో బుట్ట దిగింది. మర్నాడు పొద్దున చక్కెర పూసిన బాదంపప్పుల పొట్లాలు వచ్చాయి. వెనేరా బొటనవేలంత ఊలు మేజోళ్లు రెండు జతలు తెచ్చి గుమ్మంలోంచే ఇచ్చి వెళ్లింది. కొరీన్ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, నేల మీద గీతలు పడకుండా కుర్చీ కాళ్లకి తొడిగేవి కాబోలనుకుని, తొడిగేసింది. సరిగ్గా సరిపోయాయి.

మధ్యాహ్నం రొట్టెల కొట్టు నుంజియో చెక్క ఉయ్యాల భుజాన పెట్టుకుని వచ్చాడు. తలుపులో పట్టని మనిషి, పక్కకి తిరిగి లోపలికి దూరాడు.

"ఈ వీధిలో పుట్టినవాళ్లమంతా ఇందులో ఊగినవాళ్లమేనమ్మా. నేనూ ఇందులోనే ఊగాను," అని, కుర్చీ కాళ్ల మేజోళ్లు చూసి గతుక్కుమని, టోపీ తీసి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

అప్పుడు కొరీన్‌కి ఎక్కడో కలుక్కుమంది. బేస్‌లో ఉండే బెవ్ రాస్ముసెన్‌కి ఫోన్ చేసింది. బెవ్ కమాండర్ గారి భార్య. ఏడు దేశాల్లో కాపురం చేసింది, ఏడింట్లోనూ కొత్తగా వచ్చిన ఆడవాళ్లకి సలహాలు చెప్పింది. ఆ సలహాల వల్ల మునిగిన కొంపలు ఇప్పటికీ ఆవిడకి క్రిస్మస్ కార్డులు పంపుతుంటాయి.

"తలుపుకి ఏ రంగు కట్టావు?" అంది బెవ్ అంతా విని.

"నీలం."

అవతల పెద్ద నిట్టూర్పు. "కొరీన్, నీకు కొడుకు పుట్టాడు."

సంగతంతా విన్నాక కొరీన్ కుర్చీలోంచి లేచింది. "ఇప్పుడే విప్పేస్తాను. అందరి ఇళ్లకీ వెళ్లి క్షమించమంటాను."

"ముట్టుకున్నావంటే చూడు! కట్టిన రెండో రోజే విప్పేస్తే బిడ్డ పోయాడనుకుంటారు. ఈసారి శవపేటిక తెస్తాడు నీ రొట్టెలవాడు. మనలో ప్రతి ఒక్కరూ దేశానికి రాయబారి, గుర్తుంది కదా? డ్వైట్ వచ్చేదాకా బిడ్డని ఉంచు. తర్వాత ఏదో ఒకటి ఆలోచిద్దాం."

"లేని బిడ్డని ఎక్కడ ఉంచను బెవ్?"

జవాబు చెప్పేలోపు కిటికీ ముందు బుట్ట దిగింది, దాంతోపాటు పైనుంచి మాట కూడా. "పిల్లా! ఇంటి గురించి బెంగ పెట్టుకోకు. మీరు ఇక్కడే ఉంటారు. నేనున్నంతకాలం ఆ నిమ్మచెట్లు మీవే!"

కొరీన్ ఫోన్ పెట్టేసింది. ఇన్నాళ్లూ దేవులాడుకున్న ఇల్లు చేతికి వచ్చింది. వచ్చింది పుట్టని బిడ్డ పుణ్యాన. నిజం చెబితే రిబ్బనుతో పాటు నిమ్మచెట్లూ పోతాయి. ఇక నోరు కుట్టేసుకోవడం తప్ప వేరే దారి కనపడలేదు.

సాయంత్రం బెవ్ కారులో దిగింది, చంకలో దుప్పటి మూటతో. నవంబరు, అమెరికా వాళ్లు ఇంటింటా టర్కీ కోడి వండుకునే పండగ నెల కాబట్టి బేస్ దుకాణంలో ఏ కొరత ఉన్నా టర్కీ కోళ్లకి కొరత లేదు. మూట విప్పితే బొచ్చు తీసి, గడ్డకట్టించిన టర్కీ కోడి రాయిలా మెరుస్తోంది.

"ఏడు కిలోలు," అంది బెవ్.

"పసిబిడ్డలు ఏడు కిలోలుంటారా?"

"అమెరికా బిడ్డ. నమ్ముతారు. పేరేమని అడిగితే నార్మన్ అని చెప్పు. మా కమాండర్ గారి పేరు."

నార్మన్‌కి లేసు టోపీ పెట్టి, మెడ దాకా దుప్పటి చుట్టి, ఉయ్యాలలో పడుకోబెట్టి, కిటికీ తలుపులు ముప్పావు మూశారు. మర్నాడు అగతీనా, వెనేరా, నుంజియో చూడ్డానికి వచ్చారు. దూరం నుంచి చూసి వెళ్లిపోతారని బెవ్ మాటిచ్చింది. అగతీనా తిన్నగా ఉయ్యాల దగ్గరికి వెళ్లి దుప్పట్లో చెయ్యి పెట్టింది. కొరీన్ గోడ పట్టుకుంది.

అగతీనా చెయ్యి అక్కడే కాసేపు ఉంది. ఆవిడ కళ్లు కుర్చీ కాళ్ల మేజోళ్ల దాకా వెళ్లి తిరిగి వచ్చాయి.

"చల్లగా ఉన్నాడు," అంది.

"వాళ్ల నాన్న కూడా అంతేనండీ. ఒళ్లెప్పుడూ చల్లగానే ఉంటుంది."

వెనేరా తొంగి చూసింది. అగతీనా మోచేత్తో ఆవిడ పక్కలో ఒకటి పొడిచింది. "ముక్కు అచ్చం నాన్నదే," అంది వెనేరా గబుక్కున. నార్మన్‌కి ముక్కే లేదు. నుంజియో టోపీ గుండెలకి ఆనించుకుని, గుటకలు మింగుతూ, "బలంగా ఉన్నాడు, దేవుడు చల్లగా చూడాలి," అన్నాడు. అంతలో ఉయ్యాల కిందినుంచి టప్, టప్ మని నీళ్లు కారడం మొదలైంది.

"తడిపాడు," అంది అగతీనా తొణక్కుండా. "గుడ్డ మార్చు."

ఆ గండం గడిచింది గానీ కొరీన్‌కి అసలు చాకిరీ అప్పుడే మొదలైంది. గుమ్మం ముందు అడుగుల చప్పుడు వినపడితే నార్మన్‌ని ఫ్రీజర్‌లోంచి తీసి టోపీ పెట్టడం, వాళ్లు వెళ్లగానే టోపీ తీసి ఫ్రీజర్‌లో పెట్టడం. వచ్చినవాళ్లందరూ జోలపాట పాడందే వెళ్లరు. ఒక్కొక్కరూ ఏదో ఒకటి వండి తెస్తారు, ఆమె తినేదాకా ఎదురుగా కూర్చుంటారు, ఏవేవో కబుర్లు చెబుతారు. వీధిలో ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఏ పెళ్లి ఎందుకు చెడిందో కొరీన్‌కి కంఠతా వచ్చేసింది. గిన్నెలో ఏదో ఒకటి పెట్టకుండా తిరిగి పంపడం మానేసింది. డ్వైట్ కోటు ఇప్పుడు అంత వదులుగా లేదు. ఒకరోజు ఎవరూ లేనప్పుడు కూడా తాను ఉయ్యాల ఊపుతూ కూర్చుందని గమనించుకుని, సిగ్గుపడి లేచింది. ఆర్నెల్ల తర్వాత మొదటిసారి ఆమెకి ఆ ఊళ్లో ఒంటరిగా అనిపించలేదు. అందువల్లే ఆ అబద్ధం రోజురోజుకీ గొంతులో ముల్లులా దిగింది.

పైగా ఊరి చర్చి ఫాదర్ ప్లాచిదో బాప్తిస్మానికి ఆదివారం ఖాయం చేసేశాడు. టర్కీ కోడి నెత్తిన మంత్రజలం పోయించేటంత పాపం మూటగట్టుకోవడం కొరీన్ వల్ల కాదు. ఇల్లు పోతే పోయింది, చర్చికి బయల్దేరేముందు అగతీనాకి అంతా చెప్పేయాలని తీర్మానించుకుంది.

ఆదివారం పొద్దున అగతీనా తమ ఇంట్లో తరతరాలుగా వస్తున్న బాప్తిస్మపు గౌను పట్టుకుని దిగింది. అది నార్మన్‌కి పట్టలేదు. ఆవిడ వెనకవైపు కుట్లు విప్పుతుంటే కొరీన్ ఎదురుగా నిలబడి, "దొన్నా అగతీనా, మీకొక మాట చెప్పాలండీ," అంది.

"చెప్పు తల్లీ. ముందు వీడి రెక్క పట్టుకో."

సరిగ్గా అదే సమయానికి డ్వైట్ వీధి మలుపు తిరిగాడు. హెలికాప్టర్ ఒకటి మొరాయించడంతో దళాన్ని ముందే వెనక్కి పంపేశారు. పెళ్లాన్ని ఆశ్చర్యపరుద్దామని కబురైనా పంపకుండా, భుజాన సంచి వేసుకుని, యూనిఫాంలో వచ్చాడు. ఇంటి ముందు మంచి బట్టలు కట్టుకుని వీధి వీధంతా నిలబడి ఉంది. అంతా తనకోసమే వచ్చారేమోనని ఒక క్షణం ఉబ్బిపోయాడు. తలుపుకి రిబ్బను కనపడింది. పసుపు కాదేమిటా అని కూడా ఆలోచించలేదు. సంచి కింద పెట్టి, ఆచారం ప్రకారం, రెండు చేతులా ముడి విప్పడం మొదలుపెట్టాడు.

"ఓయ్!" నుంజియో గొంతుకి పావురాలు లేచిపోయాయి. "ముట్టుకోకు దాన్ని!"

డ్వైట్ నవ్వి, ఇంకో ముడి లాగాడు. నుంజియో వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. వెనేరా రిబ్బను రెండో కొస పట్టుకుంది. అటు నేవీ, ఇటు వీధి, మధ్యలో పట్టు రిబ్బను.

"మనిషివేనా నువ్వు?" అరిచాడు నుంజియో. "పెళ్లాన్ని ఒంటరిగా వదిలేసి ఊరేగి వచ్చి, వచ్చీ రాగానే విప్పేస్తావా? ఆ పిచ్చితల్లి ఏమైపోతుంది?"

"బిడ్డ లేడని మాకు తెలీదనుకున్నావా?" అంది వెనేరా అంతకంటే గట్టిగా. "వీధి మొత్తానికి తెలుసు! తెలియనిది ఆవిడకే! కుర్చీకి మేజోళ్లు తొడుగుతూ, కోడిని ఊపుకుంటూ ఏదో కాలం గడుపుతోంది పాపం. నీ సొమ్మేం పోయింది, కట్టెయ్ మళ్లీ!"

కిటికీ తెరిచే ఉంది. లోపల కొరీన్ ఒక రెక్క, అగతీనా ఒక రెక్క పట్టుకుని అలాగే ఉండిపోయారు. కొరీన్ అగతీనా వంక చూసింది. అగతీనా నార్మన్ వంక చూసింది.

"ఎప్పటినుంచి తెలుసండీ?" అంది కొరీన్.

"మొదటి రోజు సాయంత్రమే. బట్టల తీగ మీద ఒక్క పొత్తిగుడ్డ లేదు. పసిపిల్లాడున్న ఇంటికి అదేం తీగ?" అగతీనా సూది గౌనుకి గుచ్చింది. "ఆరుగురిని కని పెంచాను, ఇన్నేళ్లుగా పండక్కీ పబ్బానికీ కోళ్లు కోశాను. ఏది బిడ్డో ఏది కోడో నాకు తెలీదా?"

"మరి చల్లగా ఉన్నాడన్నారు..."

"చల్లగానే ఉన్నాడుగా."

కొరీన్‌కి నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. పసుపు రిబ్బను సంగతి, నీలం సంగతి, బెవ్ సంగతి అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. తనకి పిచ్చి లేదని రెండుసార్లు చెప్పింది. అగతీనా అంతా విని, కుర్చీ కాళ్ల వంక చూసి, "సరే, నీ మాటే నమ్ముతాను," అంది.

"ఇల్లు ఖాళీ చేస్తానండీ. బిడ్డ ఉన్నాడనే కదా మీరు ఇచ్చింది."

"బిడ్డ లేడని తెలిశాకేగా నేను ఇల్లు ఇస్తానన్నది!" అంది అగతీనా. "మొదటి బుట్ట బిడ్డ కోసం దింపాను. రెండోది నీకోసం. నువ్వు వచ్చిన నాటినుంచీ ఈ ఇంట్లోంచి నీ చేత్తో నింపిన గిన్నె ఒక్కటీ పైకి రాలేదు. ఆ రోజు బుట్ట లాగితే బరువుగా ఉంది. కేకు మాడ్చావులే, అది వేరే మాట. ఇచ్చిపుచ్చుకోవడం తెలిసినదానివి, ఇక ఎక్కడికి పోతావు?"

అప్పుడే డ్వైట్ లోపలికి వచ్చాడు. చొక్కా బొత్తాం ఒకటి ఊడింది, చేతిలో రిబ్బను సగం ముక్క. లేసు గౌనులో ఉన్న నార్మన్‌ని, మేజోళ్లు తొడుక్కున్న కుర్చీని, ఏడుస్తూ నవ్వుతున్న పెళ్లాన్ని వరసగా చూశాడు.

"కొరీన్," అన్నాడు నెమ్మదిగా, "ముందు దేని గురించి అడగమంటావు?"

ఆ మధ్యాహ్నం వండిన వంటలు పారేయడం ఎందుకని వీధిలోనే బల్లలు వేశారు. ఫాదర్ ప్లాచిదో కూడా వచ్చి కూర్చున్నాడు. నార్మన్‌ని కాల్చి వడ్డిద్దామన్నాడు డ్వైట్. ఇన్నాళ్లు జోకొట్టిన చేతులతో మసాలా పట్టించలేనని అగతీనా ఒప్పుకోలేదు. చివరికి నిమ్మచెట్టు కింద గొయ్యి తవ్వి పాతిపెట్టారు. నుంజియో టోపీ తీశాడు.

బెవ్ ఈ కథని బేస్‌లో తనదైన పద్ధతిలో చెప్పింది. కథలో సగం మరిచిపోయినా, బుట్టల్లో దిగిన వంటలు మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు. కంచె లోపల ఉండేవాళ్లు ఒక్కొక్కరే ఊళ్లో ఇళ్లు వెతుక్కోవడం మొదలుపెట్టారు. వాళ్ల మగవాళ్లు ఓడెక్కినప్పుడల్లా వెనేరా కొట్లో నీలం రిబ్బను తెప్పించింది తెప్పించినట్టే అయిపోతోంది.

ఆ ఏడాది రోక్కమేలాలో పుట్టింది ఒకే ఒక్క బిడ్డ, అదీ ఆడపిల్ల. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ముందు దుప్పట్లో చెయ్యి పెట్టి, వెచ్చగా ఉందని నిర్ధారించుకున్నాకే ముద్దు పెట్టారు.